మాట్లాడని మామ, మసకబారిన అద్దాలు

ఆ రోజుల్లో ముక్కు మీద కళ్లద్దాలున్న పెళ్లికొడుకు వస్తే ఆడపిల్లవాళ్లు ముందుగా చూసేది అతని ఇల్లూ వాకిలీ కాదు, అద్దాల మందం. ఇప్పుడు బడికి పోయే పిల్లలకే రంగురంగుల ఫ్రేములుంటున్నాయి, ఎవరూ ఏమీ అనుకోరు. మా పడుచు కాలంలో మాత్రం అద్దాలంటే ముసలితనానికి గుర్తు, కాకపోతే గొప్ప చదువుకు గుర్తు. నాకు అప్పటికి ముసలితనం రాలేదు, గొప్ప చదువు ఎప్పుడూ రాలేదు. గద్వాలలో చీరల అంచులకు డిజైన్లు గీసే పని నాది. గళ్ల కాగితం మీద ఒక్కొక్క గడిలో ఎర్ర పెన్సిలుతో చుక్క పెడుతూ పోతే అవి మగ్గం మీదికి వెళ్లి హంసలూ నెమళ్లూ అయ్యేవి. హంసలు ఎగిరిపోయాయి గాని నా చూపు ఆ గళ్లలోనే చిక్కుకుపోయింది. పెళ్లీడు వచ్చేసరికి నా అద్దాలు సోడాసీసా అడుగులా తయారయ్యాయి. అవి తీసేస్తే ఎదురుగా ఉన్నది మనిషో, మగ్గపు గుంజో చెప్పలేకపోయేవాణ్ని. (ఒకసారి గుంజకు దండం పెట్టాను కూడా. అది వేరే కథ.)

మా మామకు అచ్చంపేటలో బట్టల దుకాణం ఉండేది. గద్దె మీద కూర్చునే, రోడ్డు మీద పోతున్న మనిషి కట్టుకున్నది ఏ ఊరి నేతో చెప్పగలడని ఆయనకు పేరు. పెళ్లిచూపుల రోజు ఆయన నన్ను చాలాసేపు చూసి, నాతో ఒక్క మాటా అనకుండా మధ్యవర్తివైపు తిరిగి, "పిలగానికి పగటిపూటనన్న కనవడ్తదా?" అని అడిగాడు. మా నాయన మొహం కందిపోయింది. ఆ సంబంధం అక్కడితో తెగిపోయేదే. కాని లోపలి గడప దగ్గర నిలబడ్డ పిల్ల తల ఎత్తకుండానే, "నాకు కనవడ్తడు గద నాయినా, చాలు" అంది. ఆ మాటకు అర్థం ఏమిటో నాకు నేటికీ పూర్తిగా తెలియదు. అడిగితే "గప్పుడేదో అన్న, ఇప్పుడెందుకు" అంటుంది. ఏమైతేనేం, పెళ్లయిపోయింది.

పెళ్లయితే అయింది గాని మామ నాతో మాట్లాడలేదు. పగబట్టినట్టు కాదు, మర్యాదలకు ఏ లోటూ లేదు. పక్కపక్కన కూర్చుని అన్నం తింటున్నప్పుడు కూడా "అల్లునికి పప్పు కావాల్నేమో అడుగు" అని అత్తకు చెప్పేవాడు. అత్త వంటింట్లో ఉంటే గోడకు చెప్పేవాడు. నేను కూడా గోడకే "చాలు" అని జవాబిచ్చేవాణ్ని. ఇట్లా ఆ గోడ మా ఇద్దరి మధ్య చాలా సంభాషణలు నడిపింది. నాకు నవ్వులాటగానే ఉండేది గాని, ఒకరోజు మా ఆవిడ చీర కొంగుతో నా అద్దాలు తుడుస్తూ తుడుస్తూ, తుడవడం ఆపేసి, "మీరిద్దరు మాట్లాడుకుంటే ఎట్లుంటదో ఒక్కపారి వినాలని ఉంది" అంది. ఆమె కళ్లలో నీళ్లున్నాయో లేదో నాకు కనబడలేదు, అద్దాలు ఆమె చేతిలోనే ఉన్నాయి. గొంతులో మాత్రం ఉన్నాయి. ఆ రోజే నిశ్చయించుకున్నాను, ఈ మనిషితో ఎట్లాగైనా ఒక్క మాట మాట్లాడించాలని.

పెళ్లయ్యాక వచ్చిన మొదటి కార్తీకంలో అచ్చంపేట రమ్మని పిలిచారు. నల్లమల లోపల ఒక లొద్దిలో, అంటే లోతైన లోయలో, గుహ ఉంది. దాని లోపల శివలింగం, లింగం మీద రాతిలోంచి ఎప్పుడూ నీళ్లు చుక్కలుగా పడుతుంటాయి. బిడ్డ పెళ్లయితే కొత్త జంట చేత ఆ లోపల దీపం పెట్టిస్తానని మా అత్త మొక్కుకుందట. సాయంత్రం దుకాణం కట్టేసి వచ్చిన మామ ఆ మాట విని, చేతిలోని బట్టల మూటతో అన్నట్టుగా, "గుహలకు చూపున్నోళ్లు పోవాలె. చెయ్యి పట్టుకొని నడిపిచ్చేటోళ్లను ఎవరు ఎతుక్కుంటరు" అన్నాడు. నాలో ఏదో చురుక్కుమంది. నేను గోడవైపు తిరిగి, "నేను పోత. ఎవ్వరి చెయ్యి పట్టుకోను. దీపం నేనే ముట్టిస్త" అన్నాను. గోడకు కూడా ఆ మాట కొంచెం ఎక్కువే అనిపించినట్టుంది.

మా బామ్మర్దిని వాళ్ల ఊళ్లో అందరూ హీరో అనేవారు, జుట్టు అట్లా దువ్వేవాడు. అతను నన్ను దొడ్లోకి తీసుకుపోయి మెల్లగా చెప్పాడు. "బావా, లోపట నడుచుడు కష్టం కాదు. ఆవిరే కష్టం. బయట చలి, లోపట ఉక్క. పోయిన ఏడు ఒక అద్దాల సార్ వచ్చిండు. లోపట అడుగు పెట్టంగనే అద్దాలు తెల్లగైనయి. దేవుడనుకొని మా దోస్తుగాని బట్టతలకు మొక్కి బయటికొచ్చిండు." నేను నవ్వలేదు. గుంజకు దండం పెట్టినవాడికి ఆ సార్ మీద సానుభూతి తప్ప ఇంకేం కలుగుతుంది. మర్నాడు పొద్దున్నే స్నానాల గదిలో తలుపు వేసుకుని ప్రయోగాలు మొదలుపెట్టాను. రాగి బానలో నీళ్లు సలసలా కాగుతుంటే దాని మీదికి మొహం వంచడం, అద్దాలకు ఆవిరి పట్టడం, తుడవడం, మళ్లీ వంచడం. ఉత్త అద్దం పనికిరాలేదు. కొబ్బరినూనె రాస్తే లోకమంతా జిడ్డుగా కనబడింది. ఆఖరికి సబ్బు అరగదీసి పల్చగా రాసి, పొడిగుడ్డతో తుడిచి చూస్తే ఆవిరి నిలవలేదు. పొయ్యి పక్కన పెట్టి మరిచిపోయిన అద్దాలకు కూడా కాసేపు ఆవిరి పట్టలేదని గమనించాను గాని, గుహలోకి పొయ్యి ఎవడు మోస్తాడని దాన్ని వదిలేశాను.

ఈలోగా బయట పెద్ద హడావిడి. తలుపు సందులోంచి ఆవిరి రావడం, నేను ఎంతకీ బయటికి రాకపోవడం చూసి అత్త నాకు పడిశం పట్టిందని తేల్చుకుంది. నేను తలుపు తీయగానే గొంగడి తెచ్చి నెత్తిన కప్పి, పసుపు కలిపిన వేణ్నీళ్ల గిన్నె ముందు పెట్టి, "గట్టిగ పీల్చు కొడుకా, సిగ్గుపడకు" అంది. చెప్పబోతే గొంగడి నోటికి అడ్డం వచ్చింది. ఆ గొంగడి చీకట్లోంచే మామ గొంతు విన్నాను. "నేను కండ్లే అనుకున్న. ఊపిరి గూడ సరిగ లేదా ఏంది" అంటున్నాడు. ఆ మాట మా ఆవిడకో, గోడకో తెలియదు. నేను పసుపు ఆవిరి గట్టిగా పీల్చాను. నా పట్టుదల రెండింతలైంది.

మర్నాడు తెల్లవారుతుండగా జీపులో అడవి అంచు దాకా వెళ్లి, అక్కణ్నించి రాళ్ల దారిలో లొద్దిలోకి దిగాం. చలి ఎముకల్లోకి దూరుతోంది. అత్తకు మోకాళ్ల నొప్పి, గుహ బయట బండ మీద కూర్చుని కొబ్బరికాయలకు కాపలా ఉంటానంది. అద్దాలు జారకుండా మా ఆవిడ లంగా నాడా ఒకటి తెచ్చి, రెండు కొనలూ కాడలకు కట్టి నా తల వెనక ముడివేసింది. సబ్బు ముందురోజు పల్చగా రాస్తే అంత బాగా పనిచేసింది కదా, మందంగా రాస్తే ఇంకా బాగా పనిచేస్తుందని నా బుద్ధికి తోచి, ఎవరూ చూడకుండా రెండు పక్కలా దట్టించాను. (చీర అంచుల్లో కూడా నాకు ఈ గుణం ఉండేది. ఒక హంస బాగుందంటే పది హంసలు కుక్కేవాణ్ని.)

ముందు హీరో ఒక టార్చి పట్టుకుని, వాడి వెనక మామ ఇంకో టార్చితో, ఆయన వెనక నేను, నా వెనక నూనె సీసా, వత్తులు పట్టుకుని మా ఆవిడ. గుహ మూతి దగ్గర నడుం వంచి పక్కకు తిరిగి దూరాలి. దూరానో లేదో ఎవరో వేడి తడిబట్ట మొహాన కప్పినట్టయింది. చల్లని అద్దాల మీద ఆవిరి వచ్చి కూర్చుంది. సబ్బు తన పని తాను చేయబోయింది, కాని పైనుంచి టప్‌మని ఒక నీటిచుక్క, ఇంకో నీటిచుక్క. నేను వేలితో తుడిచాను. అంతే, సబ్బు నురగ లేచింది. మామ టార్చి వెలుగు ఆ నురగ మీద పడి నా కళ్ల ముందు పాలకుండ పొంగినట్టు తెల్లటి తెలుపు తప్ప ఇంకేమీ లేదు. కాస్త నురగ కంట్లోకి కూడా పోయింది. కళ్లు భగ్గున మండుతున్నా పళ్లు బిగించి, చేతులు జేబుల్లో పెట్టుకుని (ఎవరి చేయీ పట్టుకోనన్నాను కదా), ఆ తెల్లటి వెలుగు ఎటు పోతే అటు అడుగులు వేశాను. నెత్తి రెండుసార్లు బండకు తగిలింది. అయినా కిక్కురుమనలేదు.

ఆ లోపల ఒకచోట పెద్ద బండ అడ్డం వస్తుంది. దానికి కుడివైపు పోతే దేవుడు. ఎడమవైపు పోతే ఏమీ లేదు, నలుగురు కూర్చునేంత బొరియ, అంతే. నా ముందున్న వెలుగు ఎడమకు తిరిగింది, నేనూ తిరిగాను. కొంచెం దూరం పోగానే ఆ వెలుగు ఆరిపోయింది. చిమ్మచీకటి. నీటిచుక్కల చప్పుడు తప్ప ఏమీ వినబడడం లేదు. అద్దాలు నుదుటి మీదికి తోసి చూశాను, తోయకుండా చూశాను, రెండూ ఒకటే. అప్పుడు నా దగ్గర్లో ఎవరో ఊపిరి తీసుకుంటున్న చప్పుడైంది. నా వెనక వస్తున్నది మా ఆవిడే కదా అనుకున్నాను. ఎంత పట్టుదల ఉన్నా మనిషన్నాక ఒక హద్దు ఉంటుంది. పెళ్లాం దగ్గర పరువేమిటి అని నాకు నేనే నచ్చజెప్పుకుని చేయి చాచి, "జర చెయ్యియ్యి" అన్నాను. ఒక చేయి వచ్చి నా చేతిని పట్టుకుంది. బాగా గట్టిగా పట్టుకుంది. ఆమె చేతికి ఇంత బలం ఎప్పుడొచ్చిందా అని ఒక్క క్షణం అనిపించింది గాని, భయపడి పట్టుకుందేమోలే అనుకుని గొంతు తగ్గించి చెప్పాను.

"మీ నాయినకు చెప్పకు. నాకేం కనవడ్తలేదు."

ఒక చుక్క పడింది. ఇంకో చుక్క పడింది.

"నాకు గూడ కనవడ్తలేదు" అంది మామ గొంతు.

ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాట అది. నా చేయి వెనక్కి లాక్కోవాలని నాకూ తోచలేదు, ఆయన కూడా వదల్లేదు. కాసేపటికి ఆయన రెండో చేతిలోని టార్చిని తొడకు కొడితే అది వెలిగింది. ఆ వెలుగు మొహానికి దగ్గరగా ఉండబట్టి నాకు మసకమసకగా కనబడినదేమిటంటే, మా మామ ముక్కు మీద అద్దాలు. ఒక కాడకు జరీ దారం చుట్టి ఉంది. రెండు అద్దాలూ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి.

"ఎప్పటిసంది మామా?" అని అడిగాను.

"రెండేండ్లాయె. దగ్గరియి కనవడ్తలెవ్వు. పోగులు ఒకదాంట్ల ఒకటి కలిసిపోతున్నయి. అంగట్ల తట్టల పెట్టుకొని అమ్మేటోని తాన పెట్టుకొని చూసుకుంట ఏరుకున్న. దుకాణంల పెట్టుకుంటె గిరాకి ఏమనుకుంటది. గుహల ఎవ్వరు చూడరు గద, దేవుని మంచిగ చూద్దామని పెట్టుకొస్తి." కొంచెం ఆగి, "ఇటు తిరిగేది కాదు గద మనం" అన్నాడు.

"ఏమో మామా, నేను మీ ఎనక వచ్చిన."

"నేను గోడ ఎటు తగిలితే అటొచ్చిన."

ఇద్దరం బండ మీద కూర్చున్నాం. ఆయన పంచె కొనతో తన అద్దాలు తుడిచాడు, నేను రుమాలు తడిచేసి నా సబ్బంతా కడిగాను. పెట్టుకున్నామో లేదో మళ్లీ తెలుపు. మళ్లీ తుడిచాం. మళ్లీ తెలుపు. అప్పుడు నాకు స్నానాల గది గుర్తొచ్చింది. వేడెక్కిన అద్దానికి ఆవిరి పట్టదు. ఇక్కడ పొయ్యి లేదు గాని మనుషులున్నాం కదా. "మామా, అద్దాలు సంకల పెట్టుకోండ్రి. ఒంటి వేడికి కాగుతయి" అన్నాను. ఆయన నన్ను ఒకసారి చూశాడు (చూశాడనే అనుకుంటున్నాను, మా ఇద్దరికీ అప్పుడు చూపు లేదు), ఏమీ అనకుండా అంగీ గుండీ విప్పి అద్దాలు చంకలో దోపుకున్నాడు. నేను నాడా విప్పి నావీ దోపుకున్నాను. అట్లా అచ్చంపేట బట్టల వ్యాపారీ, గద్వాల అల్లుడూ చంకలు గట్టిగా బిగించుకుని, ఎదురుగా ఏమీ లేని రాతిగోడను చూస్తూ కూర్చున్నాం.

ఆ కూర్చోవడంలోనే ఆయన చెప్పాడు. "మా నాయినకు మగ్గం మీదనే చూపు పోయింది. అద్దాలతోని మొదలై కట్టె దాక వచ్చింది. కట్టె ఒక కొస ఆయన పట్టుకుంటె ఇంకో కొస నేను పట్టుకొని ముందర నడిచేటోన్ని. అంగడికి నేనే, దవాఖానకు నేనే. తోటి పిలగాండ్లంత ఆడుకుంటుంటె నేను కట్టె పట్టుకొని పోతుంటి. నాకు పెండ్లయినంక ఆ కట్టె మీ అత్త చేతికొచ్చె. నిన్ను చూసినప్పుడు, ఇగ నా బిడ్డ చేతికి గూడ..." అక్కడ ఆపేశాడు. నీటిచుక్కలు పడుతూనే ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆయనకు నా అద్దాలంటే చిన్నచూపనుకున్నాను, భయమని ఎన్నడూ అనుకోలేదు. "మామా, నాది గట్ల పోయే చూపు కాదు. డాక్టరు చెప్పిండు. అద్దాలుంటె నాకు అన్నీ కనవడ్తయి" అన్నాను.

"ఇప్పుడున్నయి గద" అన్నాడు.

"సంకల ఉన్నయి మామా."

ఆయన నవ్వాడు. మా మామ నవ్వు ఎట్లా ఉంటుందో నేను మొదటిసారి విన్నాను, దగ్గు మాదిరిగా మొదలై ఎంతకీ ఆగలేదు. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు గుహంతా తిరిగి అవతలికి చేరినట్టుంది, బండ వెనకనుంచి మా ఆవిడ గొంతు వినబడింది. దారిలో నూనె సీసా మూత జారిపడితే వెతుక్కోవడానికి ఆమె ఆగిందట, తలెత్తేసరికి మేం లేం. కుడివైపు తమ్ముడి టార్చి కనబడితే అందరం అటే పోయామనుకుందట.

"నాయినా, ఏడున్నరు మీరు?"

"ఈడనే ఉన్నం బిడ్డా. దేవుని చూస్తున్నం."

"దేవుడు గిటున్నడు నాయినా. ఆడ ఏం చూస్తున్నరు?"

మేం గబగబా చంకల్లోంచి అద్దాలు తీసి పెట్టుకున్నాం. నిజంగానే ఆవిరి పట్టలేదు. రాతిగోడ, దాని మీద తడి మెరుపులు, మామ మొహంలోని ముడతలు, అన్నీ స్పష్టంగా కనబడ్డాయి. అవి చల్లారేలోపు దేవుణ్ని చేరాలని ఇద్దరం ఒకరి చేయి ఒకరం పట్టుకునే బండ చుట్టూ తిరిగి వచ్చాం. తమ్ముడి టార్చి వెలుగులో మా ఆవిడ మమ్మల్ని చూసింది, మా చేతులు చూసింది, తండ్రి ముక్కు మీద అద్దాలు చూసింది. మామ వెంటనే అద్దాలు తీసి జేబులో వేసుకుని, "అల్లుడు జారుతుంటె పట్టుకున్న" అన్నాడు. "అవు, జారిన" అన్నాను నేను. ఆమె దేన్నీ పట్టించుకోలేదు. నూనె సీసా పట్టుకుని నిలబడిపోయింది, ఆమె వినాలనుకున్నదేదో ఆ గోడ అవతలినుంచి అప్పటికే విన్నట్టుంది.

దీపం ముట్టించడానికి నేను వంగేసరికి, అప్పటికే చల్లారినందుకో, నా ఊపిరికో, అద్దాలు మళ్లీ తెల్లబడ్డాయి. అగ్గిపుల్ల గీశాను, మండింది. వత్తి ఎక్కడుందో తెలియదు. నా వెనక మామ వంగి, నాకు మాత్రమే వినబడేట్టు, "జర కుడికి. ఇంక జర. కిందికి" అన్నాడు. (దగ్గరవి కనబడని ఆయనకు వత్తి ఎట్లా కనబడిందని తరవాత అడిగితే, "ఎనకకు జరిగి చూస్తె కనవడ్తది" అన్నాడు.) పుల్ల నా వేలిని కాల్చే లోపల వత్తి అంటుకుంది. బయటికి రాగానే అత్త "మంచిగ కనవడ్డడా దేవుడు?" అని అడిగింది. "మస్తు కనవడ్డడు" అన్నాం ఇద్దరం ఒకేసారి. హీరో ఒక్కడే మమ్మల్ని అనుమానంగా చూశాడు.

తర్వాతి నెలలో మామ ఒక్కడే గద్వాలకు వచ్చాడు. ఎందుకొచ్చాడో ఎవరికీ చెప్పలేదు, నాకు చెప్పాడు. ఇద్దరం రాయచూరు పోయి కంటి డాక్టరుకు చూపించాం. గోడ మీద బోర్డులో కన్నడ అక్షరాలు. డాక్టరు "ఓదిరి" అన్నాడు, అంటే చదవండని. మామ కన్నడ అక్షరాలను తెలుగు అక్షరాలనుకుని సగం సరిగ్గానూ సగం తప్పుగానూ చదివాడు. డాక్టరు కంగారుపడి అద్దం మీద అద్దం మారుస్తున్నాడు. "ఆయనకు చూపు లేక కాదు సార్, భాష రాక" అని నేను చెప్పాక అంకెల బోర్డు పెట్టారు. కొత్త అద్దాలు అదేరోజు చేసిచ్చారు.

తిరుగు బస్సులో మామ కిటికీ పక్కన బిగుసుకుని కూర్చున్నాడు. సరిహద్దు దాటి గోడల మీద తెలుగు రాతలు మొదలయ్యాయో లేదో, ఆయన పైకి చదవడం మొదలుపెట్టాడు. పురుగుమందుల పేర్లు, ఎన్నికల గుర్తులు, ఇక్కడ గొర్రెలు అమ్మబడును, ఇక్కడ మూత్రము పోయరాదు, ఏదీ వదల్లేదు. బస్సులో జనం తిరిగి చూస్తున్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయి, "మనసుల చదువుకోండ్రి మామా" అన్నాను. "మనసుల చదివితె కనవడ్డట్టెట్ల తెలుస్తదయ్యా" అని, మళ్లీ కిటికీవైపు తిరిగాడు.

మామ పోయి చాలాకాలమైంది. మొన్నామధ్య నాకు శుక్లాల ఆపరేషన్ చేసి కంట్లోనే అద్దం పెట్టారు. ముక్కు మీద ఇప్పుడేమీ లేదు, అయినా చేయి ఊరికే అక్కడికి పోయి జరపడానికేదీ లేక దిగుతుంటుంది. ఆపరేషన్ అయ్యాక మొదటిసారి బస్సెక్కి అచ్చంపేటకు పోతుంటే మా ఆవిడ మోచేత్తో డొక్కలో పొడిచి, "జర మెల్లగ, అందరు చూస్తున్నరు" అంది. అప్పుడు గాని నాకు తెలియలేదు, వనపర్తి దాటినప్పటినుంచీ ప్రతి బోర్డూ నేను పైకి చదువుతున్నానని. సిగ్గుపడి నోరు మూసుకున్నాను. కాసేపే. తర్వాత పక్కన ఒక గోడ మీద టైలరు దుకాణం పేరు ఎర్రటి అక్షరాలతో అంత అందంగా రాసి ఉంటే, చదవకుండా ఎట్లా ఉంటాం చెప్పండి.